సైయా పెళ్ళిగౌను

ఈసల్మి, ఫిబ్రవరి 14

అక్కా,

ముందు కబురు చెబుతాను, తర్వాత గొడవ చెబుతాను. జూన్‌లో నాకు పెళ్ళి. అతని పేరు యార్కో. మా పాతబట్టల కేంద్రంలో యంత్రాలు బాగుచేస్తాడు. నువ్వు జైలుకు వెళ్ళాక పరిచయమైనవాడు కాబట్టి నీకు తెలియదు. పొడుగ్గా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు, బాగా తింటాడు. అమ్మకి ఆ తినడం ఒక్కటే నచ్చింది.

గొడవంతా గౌను గురించి. అమ్మ నన్ను కూప్యోలో పెళ్ళిబట్టల దుకాణానికి లాక్కెళ్ళింది. ఒక్కో గౌను మా నెల అద్దె కంటే ఎక్కువ. ముట్టుకుంటే అంతా ప్లాస్టిక్ దారమే. ఎక్కడో సముద్రాల అవతల కుట్టి ఓడల్లో తెస్తారు, ఒక్క పూట వేసుకుంటారు. ఆ తర్వాత అవి ఎక్కడికి వస్తాయో దుకాణంలో వాళ్ళకి తెలియదు గానీ నాకు తెలుసు. నా బల్ల మీదికే వస్తాయి. నిన్న ఒకటి వచ్చింది. పూసలు పీకేసి, బట్టల్ని పీలికలు చేసే పళ్ళచక్రంలోకి తోశాను. పళ్ళు నడుము దగ్గర పట్టుకుని లాగుతుంటే దాని చేతులు రెండూ పైకి లేచాయి, మనిషి నీళ్ళలో మునుగుతున్నట్టు. చూడలేక పక్కకి తిరిగాను. అద్దెకిచ్చేవి కూడా చూశాను. ఉతకడానికి ఏ మందు కలుపుతారో గానీ తొడిగి చూసిన కాసేపటికే మెడంతా దద్దుర్లు.

అప్పుడు నీది గుర్తొచ్చింది. మీ అత్తగారు హిల్కా స్వయంగా కుట్టిన లినెన్ గౌను. అమ్మ ఉండే భవనం కింద సామాన్ల గదిలో, పెట్టెలో ఉంది. కాస్త బిగిస్తే నాకు సరిపోతుంది. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, ఏమీ పారెయ్యక్కర్లేదు. అమ్మ మాత్రం, "మొగుణ్ణి పొడిచి చంపినదాని గౌను వేసుకుని చర్చిలోకి నడుస్తావా" అంది. తిట్టుకోకు, ఆవిడ మాటే రాశాను. నాకైతే ఆ గౌనులో నువ్వు నవ్విన ఫోటోనే గుర్తుంది. తర్వాత ఏం జరిగినా, ఆ ఒక్కరోజు నువ్వూ రౌనో బావా సంతోషంగానే ఉన్నారు కదా.

సరేనను.

నీ విల్యా

*

జైలు, ఫిబ్రవరి 22

విల్యా,

పెళ్ళి కబురు విని సంతోషించాను. గౌను మాత్రం వద్దు. దాన్ని బయటికి తియ్యకు, తొడిగి చూడకు, ఎవరికీ ఇవ్వకు. నీ పళ్ళచక్రంలో వేసెయ్. కారణం అడగకు.

ఇక యార్కో గురించి. తాగితే ఎలా ఉంటాడని అందరూ అడుగుతారు, నేను అడగను. తాగనప్పుడు ఎలా ఉంటాడు? నువ్వు నీ స్నేహితురాలితో ఫోనులో నవ్వుతున్నప్పుడు అతని మొహం ఎలా ఉంటుంది? అల్మారా తలుపు ఎలా వేస్తాడు? వినిపించేలా వేస్తాడా? ఇవి చూసి నాకు రాయి.

నేను కుట్టుగదిలోనే పని చేస్తున్నాను. ఆసుపత్రుల్లో పాతబడ్డ దుప్పట్లతో సంచులు కుడుతున్నాం. మొన్న ఒకామె పక్కామె అరచేతిలో కత్తెర దింపింది, దారపు ఉండ కోసం. అందరూ గోడకి అంటుకుపోతే నేను వెళ్ళి గుడ్డ అదిమిపట్టాను. దానికే మెచ్చుకుని కాబోలు, ఈస్టర్ తర్వాత కొద్దిరోజులు సెలవు మీద బయటికి పంపిస్తామన్నారు. నాకు ఎవరి ఇంటికి రావాలనీ లేదు. వస్తే నీ దగ్గరికే వస్తాను.

గౌను మాట మర్చిపోకు.

సైయా

*

ఈసల్మి, మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. నాకు పెళ్ళవుతోందని నీకు కష్టంగా ఉందా? ఉంటే ఉందని రాయి, భరిస్తాను. అంతేగానీ నువ్వు చూడనైనా చూడని మనిషి మీద పోలీసులా ఆరాలు తియ్యకు. యార్కో అల్మారా తలుపు అసలు వెయ్యడు. తెరిచి వదిలేస్తాడు, నా తలకి తగులుతుంది. మా ఇద్దరికీ ఉన్న పేచీ అదొక్కటే.

పైగా నీ జవాబు వచ్చేసరికే నేను గౌను తీసి మెర్వి దగ్గరికి పట్టుకెళ్ళాను. సంత పక్క దుకాణంలో కుట్టుపని చేస్తుందే, ఆ మెర్వి. ఆవిడ వెలుతురులో పెట్టి చూసి ఒక్క మాటే అడిగింది: "దీన్ని ఎవరైనా నీ అక్క ఒంటి మీద ఉండగానే చింపారా?" మెడ నుంచి నడుం దాకా బట్ట చిరిగితే ఎవరో చాలా ఓపికగా కలిపి కుట్టారట. బొత్తాలు కూడా సగం తర్వాత పెట్టినవేనట. నేను, డాన్సులో ఎవరో తొక్కి ఉంటారని చెప్పాను.

కోర్టులో కూడా నువ్వు నోరు విప్పలేదు. అవును పొడిచాను అన్నావు, అంతే. రౌనో బావ మంచివాడని వాళ్ళమ్మ, తమ్ముడు ఇల్పో, మన అమ్మ కూడా చెబుతుంటే నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నావు. నేను ఇప్పటికీ ఎవరి మాట నమ్మాలో తెలియక నా అక్కకి ఉత్తరాలు రాస్తున్నాను. ఒక్కసారి చెప్పు.

విల్యా

*

జైలు, మార్చి 11

విల్యా,

చెబుతాను. ఇదొక్కసారే.

పెళ్ళి విందు అయ్యాక మమ్మల్ని సరస్సు ఒడ్డున వాళ్ళ చెక్క ఇంటికి పంపారు. నేను మన పిన్ని కొడుకుతో రెండుసార్లు డాన్స్ చేశాను. లోపలికి వెళ్ళగానే రౌనో తలుపు గడియ పెట్టి, వెనక నుంచి నా మెడ దగ్గర గౌను రెండు చేతులతో పట్టుకుని చింపాడు. లినెన్ చిరిగితే పెద్ద చప్పుడు వస్తుంది. బొత్తాలు నేల మీద ఎగిరిపడ్డాయి. నా తల పొయ్యి అంచుకి కొట్టాడు. తర్వాత, బొత్తాలన్నీ ఏరమన్నాడు. రక్తం కళ్ళలోకి కారుతుంటే మోకాళ్ళ మీద పాకుతూ ఏరాను. ఏరినంతసేపూ వాడు కుర్చీలో కూర్చుని చూశాడు.

పొద్దున అత్తగారు కాఫీకి చుట్టాలని వెంటబెట్టుకుని వచ్చింది. ముందు తనొక్కతే లోపలికి వచ్చి నన్ను చూసింది. గౌను చూసింది. చుట్టాల్ని వరండాలో కూర్చోబెట్టి, సూది తీసి కుట్టడం మొదలుపెట్టింది. "జుట్టు విరబోసుకో, నుదురు కనిపించదు. మొదటిరోజు తాగి ఉంటారు, తర్వాత సర్దుకుంటారు" అంది. నేను జుట్టు విరబోసుకుని బయటికి వెళ్ళి అందరికీ కాఫీ పోశాను. నీకు గుర్తున్న ఫోటో ఆ పొద్దుటిదే. చుట్టాల ముందు గౌను మళ్ళీ తొడిగించారు.

తర్వాతి ఏళ్ళన్నీ ఆ రాత్రిలాగే గడిచాయి. ఆ నవంబరులో వాడు నా గొంతు పట్టుకుని సింక్‌లోకి వంచినప్పుడు చేతికి అందింది రొట్టె కోసే కత్తి. వాడు పడిపోయాక కూడా నేను పొడిచాను. కోర్టులో అది ఎందుకని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు, అందుకే మిగతాది కూడా చెప్పలేదు.

ఆ గౌను నీ ఒంటి మీద ఉంటే నాకు ఆ చప్పుడే వినిపిస్తుంది. పళ్ళచక్రంలో వెయ్.

సైయా

*

ఈసల్మి, ఏప్రిల్ 2

అక్కా,

ఆలస్యానికి కోప్పడకు. ఎడమచేత్తో రాస్తున్నాను, అందుకే ఈ కోడిగీతలు. ఇంటి ముందు మంచు మీద జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగింది, పెదవి కాస్త చిట్లింది. యార్కో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కట్టు వేశారు. కంగారుపడాల్సింది ఏమీ లేదు.

నువ్వు రాసింది చదివాను. దాని గురించి రాయడానికి ఎడమచెయ్యి చాలదు. వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. నేనింక అతన్ని బావ అనను.

గౌను గొడవ తీరిపోయింది. అది ఇంక లేదు. ఎక్కడుందని మాత్రం అడగకు. పెళ్ళికి ఏదో ఒకటి వేసుకుంటాను. యార్కో, పనిబట్టల్లో వచ్చినా పరవాలేదంటున్నాడు.

అలసిపోయాను. ఉంటాను.

విల్యా

*

జైలు, ఏప్రిల్ 7

విల్యా,

మంచు మీద జారిపడ్డానని ఆసుపత్రిలో నేను ఎన్ని చలికాలాలు చెప్పానో నీకు తెలుసా? వేసవిలో మెట్ల మీద జారేదాన్ని. కంగారుపడాల్సింది ఏమీ లేదని కూడా చెప్పేదాన్ని. ఆసుపత్రికి తీసుకొచ్చేది ఎప్పుడూ రౌనోయే. నా చెయ్యి పట్టుకుని నర్సులతో సరదాగా మాట్లాడేవాడు.

జారినవాళ్ళకి మణికట్టు విరుగుతుంది, నిజమే. పెదవి కూడా చిట్లుతుందా? గౌను ఎక్కడుందో అడగొద్దని ఎందుకు? అతను చింపాడా?

తిరిగి రాయి. యార్కో కొట్టలేదని ఒక్క ముక్క రాయి, నమ్ముతాను. రాయకపోతే అర్థం చేసుకుంటాను.

సైయా

*

ఈసల్మి, ఏప్రిల్ 24

సైయా,

నీ ఉత్తరం నువ్వు వచ్చి వెళ్ళిన మర్నాడు చేరింది. ఈస్టర్ సెలవులకి తపాలా ఆగిపోయిందట. ఇప్పుడు రాస్తున్నాను: యార్కో కొట్టలేదు. నమ్ముతావా?

నువ్వు మా ఇంటికి రాలేదు, నాకు ఫోను చెయ్యలేదు. సరాసరి మా కేంద్రం పెరట్లోకి నడిచి, యార్కో ఎవరని డ్రైవర్ని అడిగి, మూటలు లాగే ఇనుప కొక్కెం గోడ మీంచి తీసి, అతని మొహం మీద కొట్టావు. డ్రైవరు అంతా చూశాడు. మొదటి దెబ్బకి చెంప ఎముక విరిగింది. అప్పుడతను ఏమన్నాడో వినిపించిందా? "నువ్వు సైయావి కదూ. విల్యా లోపల ఉంది, పిలవనా?" అన్నాడు. నోట్లోంచి రక్తం పడుతుంటే అన్న మాట అది. అప్పుడు నువ్వు రెండోసారి కొట్టావు. ఆ దెబ్బ కంట్లో పడింది. మూడోసారి ఎత్తితే నీ రెండు చేతులూ పట్టుకుని, పోలీసులు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. తిరిగి కొట్టలేదు. నేను బయటికి వచ్చేసరికి మీరిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్న చుట్టాల్లా ఉన్నారు. ముందు అలాగే అనుకున్నాను.

కన్ను పోయింది సైయా. వెలుతురు ఉందో లేదో మాత్రం తెలుస్తుందట.

ఇప్పుడు అసలు సంగతి విను. నీ మార్చి ఉత్తరం చదవగానే గౌను వెనక్కి తెచ్చెయ్యడానికి మెర్వి దగ్గరికి వెళ్ళాను. నువ్వు చెప్పినట్టు పళ్ళచక్రంలో వెయ్యడానికే. గౌను బాగుచేయిస్తున్నానని సంతలో అప్పటికే పాకిపోయింది. గౌను సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి మా మెట్ల కింద ఇల్పో నిలబడి ఉన్నాడు. "మా అన్నని చంపిన చేతులు తొడుక్కున్న గౌను, మా అమ్మ కుట్టింది, నువ్వు తొడుక్కుని కులుకుతావా?" అన్నాడు. వేసుకోనని చెబుతుండగానే మొహం మీద గుద్దాడు. జుట్టు చేతికి చుట్టుకుని మెట్టు మీదికి వంచి, సంచి వదలమన్నాడు. నేను వదిలాను. వదిలాక కూడా చెయ్యి వెనక్కి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు వాడు కూడా విన్నాడు, విని ఇంకాస్త తిప్పాడు.

నీకు చెబితే సెలవు మీద వచ్చి ఇల్పోని చంపుతావని దాచాను. పోలీసులకి చెబితే నీకు తెలుస్తుందని వాళ్ళకి కూడా చెప్పలేదు. యార్కో చెప్పమని రోజూ బతిమాలాడు. నేనే వద్దన్నాను. నువ్వు ఇల్పో మీదికి వెళతావని దాచాను. నువ్వు యార్కో మీదికి వెళ్ళావు.

నాకు రాయకు.

విల్యా

*

జైలు, మే 2

విల్యా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాసి ఆపేస్తాను. చింపెయ్యాలనిపిస్తే చింపెయ్, నేను క్షమాపణ అడగడానికి రాయడం లేదు.

రౌనోని పొడిచినప్పుడు నా గొంతు వాడి చేతిలో ఉంది. ఆ పెరట్లో నాకు ఏ ముప్పూ లేదు. ఎండ కాస్తోంది. ఆ మనిషి నన్ను పేరుపెట్టి పలకరించాడు, నాకు వినిపించింది. వినిపించాకే రెండోసారి కొట్టాను. మంచివాడిలా మాట్లాడుతున్నాడని ఇంకా కోపం వచ్చింది, రౌనో కూడా జనంలో అలాగే మాట్లాడేవాడు కాబట్టి. కొక్కెం తగిలినప్పుడు నాకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది. ఇది నీకు తెలియాలి. రౌనోకి కూడా అలాగే ఉండేదేమో. అందుకే వదల్లేకపోయాడేమో. ఆ రోజు నుంచి అన్నం దగ్గర కూర్చున్నా నా చేతులనే చూసుకుంటున్నాను.

సెలవులు రద్దయ్యాయి, కొత్త కేసు పెట్టారు. ఈసారి నోరు మూసుకోను. నేను చేసిందీ, నాకు చేసిందీ అంతా చెబుతాను. లాయరు, రౌనో సంగతి చెబితే శిక్ష తగ్గుతుందంటున్నాడు. తగ్గడానికి కాదు, యార్కో ఎందుకు దెబ్బ తిన్నాడో అతనికి తెలియాలి కాబట్టి చెబుతాను.

ఇల్పో మీద కేసు పెట్టు. నా కోసం ఆగకు. నేనింక ఎవరి మీదికీ రాలేను.

సైయా

*

ఈసల్మి, మే 19

సైయా,

రాయకూడదనే అనుకున్నాను. ఈ కబురు నీకు వేరేవాళ్ళ నోటి మీదుగా వెళ్ళకూడదని రాస్తున్నాను.

హిల్కా వచ్చింది. ఆదివారం, అమ్మ ఇంట్లో అమ్మా నేనూ యార్కో కట్టు మారుస్తుండగా తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఇల్పో ఆ గౌను తీసుకెళ్ళి వాళ్ళ సౌనా ఆవిరిగది పొయ్యిలో కాల్చాడట. "సంచిలో గౌనుతో పాటు నీ జుట్టు కూడా ఉంది, కుచ్చుగా, కుదుళ్ళతో సహా. వాడు రెండూ కలిపి పొయ్యిలో తోశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఒకడి పని కుట్టి దాచాను, ఇంకొకడి పని కాల్చి దాచాలా?" అంది. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. చేతిసంచి పొట్టకి అదుముకుని నిలబడింది.

అమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నా కూతురి వీపు నువ్వు కుట్టావా?" అని అడిగింది. గౌను అనలేదు, వీపు అంది. హిల్కా తలూపింది. అమ్మ లేచి వెళ్ళి ఆవిడ చెంప మీద కొట్టింది. హిల్కా కదల్లేదు. అమ్మ మళ్ళీ చెయ్యెత్తితే యార్కో మధ్యకి వచ్చాడు. ఆ మొహం చూసి అమ్మ ఆగింది. ఆ సాయంత్రం రౌనో ఫోటో గోడ మీంచి తీసి అద్దం ముక్కలయ్యేదాకా సింక్‌కేసి బాదింది. వేళ్ళు తెగాయి. నేనే కట్టు కట్టాను. ఈ ఇంట్లో కట్లు కట్టడం తప్ప నాకు వేరే పని లేదు.

సోమవారం హిల్కా నాతో పోలీసు స్టేషన్‌కి వచ్చి అంతా చెప్పింది. ఇల్పోని పట్టుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు తల్లిని నోటికొచ్చినట్టు తిట్టాడు. నీ విచారణలో కూడా మాట్లాడతానంది.

నీ మే ఉత్తరం యార్కోకి చదివి వినిపించాను. హాయిగా అనిపించిందన్న చోట ఆపమన్నాడు. లేచి బయటికి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చి, మిగతాది చదవమన్నాడు.

విల్యా

*

ఈసల్మి, జూన్ 26

అక్కా,

మా పెళ్ళి అయింది. చర్చి వద్దనుకున్నాం, పట్టణ కార్యాలయంలో చేసుకున్నాం.

గౌను చెప్పనా? సంతలో ఒక పెద్దావిడ తన బట్టలే బల్ల మీద పరిచి అమ్ముకుంటోంది. ముదురాకుపచ్చ నూలు గౌను, మోకాళ్ళ దాకా. కాఫీకీ బన్నుకీ అయ్యేంత డబ్బుకి ఇచ్చింది. పెళ్ళికని చెబితే, "దీన్ని బంగాళాదుంపలు తవ్వడానికి కూడా వేసుకున్నాను, ఏమీ కాదు" అంది. పెళ్ళయ్యాక సోమవారం అదే వేసుకుని పనికి వెళ్ళాను. అమ్మ తెల్లది కాదని ఒక్కసారి సణిగి ఊరుకుంది. యార్కో చూసి, "జేబులున్నాయి" అన్నాడు. అతని దృష్టిలో అది పెద్ద పొగడ్త.

విందులో అమ్మ సాల్మన్ చేపల పులుసు వడ్డిస్తుంటే ఎవరి చెయ్యో తగిలి గ్లాసు పడి పగిలింది. యార్కో రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని బల్ల కిందికి వంగిపోయాడు. నేను పక్కన కూర్చుని, గ్లాసే, గ్లాసే అంటూ ఉన్నాను. అతనికి ఇంతకుముందు అలాంటి భయం లేదు. నువ్వు కూడా ఇలాగే వంగేదానివా? అమ్మ ఇంట్లో ఒక క్రిస్మస్‌కి పళ్ళెం పడితే నువ్వు గోడ వైపు తిరిగిపోయావు. మేమంతా నవ్వాం.

నిన్ను క్షమించానని రాయలేను. పొద్దున్నే అతను కాఫీ కప్పులో కాక పక్కన పోసుకుంటుంటే నిన్ను కొట్టాలనిపిస్తుంది. అది నిజం. కానీ నిన్ను చూడాలని అతనే అంటున్నాడు. నేను అడగలేదు. "ఆ మొహం కళ్ళు మూసుకుంటే రోజూ వస్తోంది. కన్ను తెరిచి ఒకసారి చూస్తే పోతుందేమో" అన్నాడు. జైలువాళ్ళు, దెబ్బ తిన్నవాడు రావాలంటే నీ అంగీకారం కూడా కావాలన్నారు. మధ్యలో బల్ల ఉంటుంది, ఇద్దరు కాపలావాళ్ళుంటారు.

నీకు ఇష్టం లేకపోతే వద్దు. నేనొక్కదాన్నే ఆకుపచ్చ గౌనులో వస్తాను.

విల్యా

*

జైలు, జూలై 3

విల్యా,

ఒప్పుకున్నానని ఇక్కడివాళ్ళకి చెప్పాను.

విచారణలో ఎన్ని అడిగినా చెప్పగలను. అతను అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఏం అడగకుండా ఊరికే చూస్తూ కూర్చుంటే ఇంకా తెలియదు. అయినా రానివ్వు. కోపమొచ్చి లేచి కొడతానంటే కాపలావాళ్ళని ఆపొద్దని చెబుతాను. అతను కొట్టడని నువ్వు రాస్తావు. తెలుసు.

నా చేతులు చూస్తే అతనికి ఆ రోజు గుర్తొస్తుంది. బల్ల మీద పెడితే కనిపిస్తాయి, కింద పెడితే ఏం దాచానో అని భయపడతాడు. అతను వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతన్నే అడిగి రాయి. అతను ఎలా చెబితే అలా పెట్టుకుంటాను.

సైయా